బస్సు ఫ్రీ అయితే అలవెన్సు కోసేస్తారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు రోజూ పనికి వెళ్లొచ్చే ఖర్చు గురించే. అందులోనూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచే ఎక్కువ, అందుకే వాటన్నిటినీ ఒకచోట పెట్టాను. పేర్లు, షాపుల పేర్లు తీసేశాను. అడిగిన పాపానికి ఎవరి ఉద్యోగమూ పోకూడదు. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఆ అమ్మాయికి జరిగింది చాలా షాపుల్లో జరిగే వీలుంది.

ప్రశ్న: నమస్తే అండీ. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. విజయనగరంలో ఒక బట్టల షాపులో సేల్స్‌లో చేస్తున్నాను. జీతం 11,000. దాని మీద కన్వేయన్స్ అని నెలకు 1,200 ఇచ్చేవారు, ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన కొన్నాళ్లకి మా ఓనరు మా ఆరుగురు అమ్మాయిలకీ ఆ 1,200 ఆపేశారు. మీకు బస్సు ఫ్రీయే కదమ్మా, ఇంకెందుకు అన్నారు. మగవాళ్లకు ఇస్తూనే ఉన్నారు. మా ఊరి నుంచి చీపురుపల్లికి షేర్ ఆటో 20, విజయనగరం కాంప్లెక్స్‌లో (బస్టాండులో) దిగాక షాపుకి ఆటో 15, రాత్రి తిరుగు కూడా అంతే. బస్సు ఫ్రీ అయినా రోజుకి 70 అవుతోంది. గట్టిగా అడిగితే మానేయమంటారని భయం. ఇది న్యాయమేనా?
— చీపురుపల్లి మండలం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: న్యాయం కాదమ్మా. చట్టం ముందు కూడా నిలవదు.

ముందు ఆ డబ్బు ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరకు పోయిందో చూద్దాం. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి మీ బస్సు చార్జీని ప్రభుత్వం తన మీద వేసుకుంది. మీరు జీరో టికెట్ తీసుకున్న ప్రతిసారీ దాని విలువ ఆర్టీసీకి ఖజానా నుంచి రావాలి. ఖజానా అంటే మీరు సబ్బు కొన్నా, ఫోన్ రీచార్జ్ చేయించుకున్నా కట్టే పన్నే. ఆ చార్జీ డబ్బు మీ చేతిలో మిగలాలని, ఇంట్లో ఏదో ఒక అవసరానికి అక్కరకు రావాలని పెట్టిన పథకం అది. మీ ఓనరు ఏం చేశారంటే, ప్రభుత్వం మీకు మిగిల్చినదాన్ని మీ జీతం కవరులోంచి తీసి తన గల్లాపెట్టెలో వేసుకున్నారు. ఆరుగురికి నెలకు 7,200, ఏడాదికి 86,400. పథకం మీ పేరు మీద నడుస్తోంది, లాభం షాపుకి చేరుతోంది.

పైగా ఆయన వేసుకున్న లెక్కే తప్పు. కన్వేయన్స్ అంటే బస్సు టికెట్ ఒక్కటే కాదు, ఇంటి గుమ్మం నుంచి షాపు గుమ్మం దాకా అయ్యే ఖర్చు. రోజుకి 70, నెలకు 26 రోజులు అనుకుంటే 1,820. అంటే 11,000 జీతంలో ఆరో వంతుకు దగ్గర, అదీ బస్సు ఫ్రీ అయ్యాక! చీపురుపల్లి నుంచి విజయనగరం దాకా ఉన్న పొడుగాటి దారికి ఇప్పుడు మీకు పైసా ఖర్చు లేదు, ఈ చివర ఊరి నుంచి రోడ్డు మీదకు రావడానికి, ఆ చివర కాంప్లెక్స్ నుంచి షాపుకి చేరడానికే జీతం కరిగిపోతోంది. ఆ రెండు ముక్కలకూ ఏ పథకమూ లేదు, ఆ 1,200 ఒక్కటే ఉండేది, అదీ తీసేశారు.

ఇక చట్టం. 2025 నవంబరు 21 నుంచి దేశమంతటా కొత్త వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. దాని మూడో సెక్షన్ ప్రకారం, ఒకే యజమాని దగ్గర ఒకే రకం పని చేసేవాళ్లకు ఆడా మగా అన్న తేడాతో వేతనంలో వ్యత్యాసం చూపకూడదు. కన్వేయన్స్ వేతనం కిందకు రాదు కదా అని ఎవరైనా మీతో అనొచ్చు. మామూలుగా అయితే ఆ మాట నిజమే, కోడ్‌లో వేతనం నిర్వచనం నుంచి కన్వేయన్స్ అలవెన్సును బయట పెట్టారు. కానీ ఆ నిర్వచనం కిందే ఇంకో వాక్యం ఉంది: ఆడవాళ్లకూ మగవాళ్లకూ సమాన వేతనం ఇస్తున్నారా లేదా అని చూసేటప్పుడు మాత్రం కన్వేయన్స్ అలవెన్సును, ఇంటి అద్దె అలవెన్సును కూడా వేతనంలో కలిపే చూడాలి. ఈ ఒక్క వాక్యమే మీకు బలం. అదే పని చేసే అబ్బాయికి 1,200 ఇచ్చి మీకు ఆపడమంటే వేతనంలో వివక్ష చూపడమే.

ఇది చెప్పగానే మీ ఓనరు, సరే అయితే అబ్బాయిలకు కూడా ఆపేస్తాను అనొచ్చు. అదీ కుదరదు. సమానం చేయడం కోసం ఎవరి వేతనమూ తగ్గించకూడదని అదే సెక్షన్‌లో రాశారు. కాబట్టి మీతో పనిచేసే అబ్బాయిలు భయపడక్కర్లేదు, వాళ్లనీ మీ వైపు కలుపుకోండి.

ఒక్క విషయం మాత్రం సరి చూసుకోండి. మీకు ఇచ్చింది నెలనెలా ఒకే మొత్తమా, లేక టికెట్లు చూపిస్తే ఆ డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతా? టికెట్లు చూపించే పద్ధతైతే జీరో టికెట్‌కి జీరోయే వస్తుంది, అందులో ఓనరుని తప్పు పట్టలేం, అప్పుడు ఆటో ఖర్చు ఇవ్వమని అడగాలి. మీరు రాసినదాన్ని బట్టి అందరికీ ఒకే 1,200 కాబట్టి అది అలవెన్సే. పాత జీతం స్లిప్పులో కన్వేయన్స్ అని విడిగా ఉంటే ఫొటో తీసి పెట్టుకోండి, స్లిప్పులు ఇవ్వకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఏ నెల నుంచి తగ్గిందో కనిపిస్తుంది.

భయం సంగతి. ఒక్కరే వెళ్లి అడగొద్దు. ఆరుగురూ సంతకాలు పెట్టి, మర్యాదగా, తెలుగులో ఒక పేజీ అర్జీ ఇవ్వండి: ఫలానా నెల నుంచి మాకు మాత్రమే అలవెన్సు ఆగింది, మాకు ఆటో ఖర్చు ఇంత అవుతోంది, తిరిగి ఇప్పించండి. కోర్టు, కేసు అన్న మాటలేవీ మొదటి కాగితంలో వద్దు. చాలా షాపుల్లో ఈ కాగితంతోనే పని అయిపోతుంది, ఎందుకంటే దసరా ముందు, సిరిమానోత్సవం ముందు అలవాటైన అమ్మాయిలు ఆరుగురు ఒకేసారి మానేస్తే షాపు నడవదని ఓనరుకీ తెలుసు. వినకపోతే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయొచ్చు, రావాల్సిన బకాయి కోసం మూడేళ్ల లోపు అడిగే హక్కు ఉంది. అలవెన్సుల్లాంటి వాటిని మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నియమం కార్మిక చట్టాల్లో పాతకాలం నుంచీ ఉంది, మీకు అలాంటి నోటీసు వచ్చిందా అని కూడా అడగండి. వకీలు ఫీజు గురించి ఆలోచించొద్దు, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయ సహాయం చేస్తారు, ఫోన్ నంబరు 15100.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ. షాపు కట్టేసేసరికి రాత్రి ఎంతవుతోంది? పది మంది, అంతకు పైబడి పనిచేసే చోట సాయంత్రం 7 దాటాక ఆడవాళ్లతో పని చేయించాలంటే వాళ్ల ఒప్పుదల ఉండాలి, భద్రత బాధ్యత యజమానిదే. చీపురుపల్లి బస్సు తప్పిపోతే మీరు ఇంటికి ఎలా చేరతారన్నది ఆయన పట్టించుకోవాల్సిన విషయం. అర్జీలో ఇది కూడా రాయండి.

ప్రశ్న: గరివిడి నుంచి రాస్తున్నాను. రోజూ రాజాం బస్సులో విజయనగరం వెళ్తాను. ఫ్రీ వచ్చాక సీటు మాట అటుంచి నిలబడే చోటు లేదు. టికెట్ కొనేది మేమే, నిలబడేదీ మేమే. ఆడవాళ్ల టికెట్ డబ్బు మగవాళ్ల మీద వేస్తున్నారని మా వాళ్లంతా అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు బాబూ. ఆడవాళ్ల టికెట్ మీ టికెట్‌లో కలపలేదు. అది ప్రభుత్వం ఆర్టీసీకి తిరిగి కట్టాల్సిన డబ్బు, లెక్క జీరో టికెట్ల మీద నడుస్తుంది. అందుకే ఫ్రీయే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చునే అక్కచెల్లెళ్లకు ఒక విన్నపం, దయచేసి టికెట్ అడిగి తీసుకోండి. ఆ టికెట్ లేకపోతే మీరు ఎక్కినట్టు లెక్కలో ఉండదు, ఎక్కినట్టు లెక్క లేని రూటులో బస్సు పెంచమని అడిగే బలం కూడా ఉండదు.

మీ టికెట్ ధర పెరిగింది అంతకు చాలా ముందు. 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్సు అని పల్లెవెలుగుకి 2, ఎక్స్‌ప్రెస్‌కి 5, ఆ పై బస్సులకి 10 వేశారు, మళ్లీ జూలైలో దూరాన్ని బట్టి ఇంకా పెంచారు. అప్పటికి స్త్రీశక్తి లేదు. డీజిల్ పెరిగితే ఆ భారం నేరుగా ప్రయాణికుడి మీదకే వచ్చింది. అసలు ఆ డీజిల్ మీద మన రాష్ట్రంలో పన్ను ఎంతో తెలుసా? 22.25 శాతం వ్యాటు, దాని మీద లీటరుకు 4 రూపాయలు, ఇంకా రోడ్డు సెస్సు రూపాయి. పేదవాడు ఎక్కే బస్సు డీజిల్ మీద పన్ను తీసుకుని, మళ్లీ ఆ బస్సుకే సాయం చేస్తున్నామని చెప్పడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. ముందు ఆ పన్ను తగ్గించాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇరుకు మాత్రం నిజం. ఎక్కేవాళ్లు పెరిగారు, రాజాం రూటులో బస్సులూ అంత మేర పెరగాలి. కోపం పక్కన నిలబడ్డ అమ్మాయి మీద కాదు, డిపోకి రాసే అర్జీ మీద పెట్టండి, ఏ టైము బస్సులో ఇబ్బందో రాయండి. గరివిడిలో స్టేషన్ ఉంది కదా, మీ డ్యూటీ టైముకి పాసింజర్ కుదిరితే సీజన్ టికెట్ చూడండి, కింద ఇంకో ఉత్తరంలో దాని గురించి రాశాను.

ప్రశ్న: శ్రీకాకుళంలో ఆటో నడుపుతాను. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి ఆమదాలవలస వైపు సర్వీసు. బస్సు ఫ్రీ అయ్యాక ఆడవాళ్లు ఆటో ఎక్కడం తగ్గిపోయింది. ఫైనాన్స్ కిస్తీ ఆగదు. ఊరందరికీ ఫ్రీ ఇచ్చి ఆ ఖర్చు మా పొట్ట మీద వేశారనిపిస్తోంది. మేం చెప్పేది ఎవరైనా వింటారా?

జవాబు: మీరు చెప్పింది సబబే అన్నా. ఒక పథకానికి ఖర్చు బడ్జెట్ కాగితంలో ఉన్నంతే ఉండదు, కొంత మీలాంటివాళ్ల రాబడిలోంచి కూడా పోతుంది. ప్రభుత్వం కూడా ఇది ఒప్పుకున్నట్టే, 2025 అక్టోబరులో ఆటో డ్రైవర్ల సేవలో అని సొంత ఆటో ఉన్నవాళ్లకు ఏడాదికి 15,000 ఇవ్వడం మొదలుపెట్టింది. మీకు రాకపోతే ఆటో రిజిస్ట్రేషన్, లైసెన్సు, ఆధార్ పట్టుకుని సచివాలయంలో కనుక్కోండి. అద్దె ఆటో నడిపేవాళ్లకు ఇది అందకపోవడం పెద్ద లోటు, ఆ మాట మీ యూనియన్ తరఫున అడగాలి.

నాకు తోచిన ఇంకో సంగతి చెప్తాను. పైన చీపురుపల్లి అమ్మాయి ఉత్తరం చదివారు కదా, ఆమె జీతం కరిగేది బస్సు వెళ్లని చోట్లే. మెయిన్ రోడ్డు మీద బస్సుతో పోటీ పడితే మనం గెలవలేం. బస్సు దిగిన చోటు నుంచి ఊళ్లోకి, స్టేషన్ నుంచి ఆఫీసులకు, పొద్దున్నే షిఫ్టుకి వెళ్లేవాళ్లకు నెలవారీ లెక్కన మాట్లాడుకుంటే వాళ్లకు తక్కువలో అవుతుంది, మీకు కిస్తీకి నమ్మకంగా డబ్బు వస్తుంది. కొందరు అన్నలు స్కూలు పిల్లల్ని అలా నెలవారీ తీసుకెళ్తూనే ఉన్నారు. పనికి వెళ్లే ఆడవాళ్లకు కూడా అదే ఏర్పాటు చేయొచ్చు, యజమానే ఆ నెల డబ్బు కడితే ఇంకా మంచిది.

ప్రశ్న: ఆమదాలవలసలో ఉంటాం. నేను విశాఖలో పనికి సీజన్ టికెట్ మీద పాసింజర్‌లో వెళ్తాను. బస్సు చార్జీతో పోలిస్తే ఈ రైలు పాసు ఇంత తక్కువ ఎలా ఇస్తున్నారో ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ మిగతా డబ్బు ఎవరు పెట్టుకుంటున్నారు? మా అమ్మాయి విజయనగరంలో డిగ్రీ చదువుతోంది, ఆమెకు కూడా పాసు తీయాలా?

జవాబు: మీ అమ్మాయికి డబ్బు కట్టక్కర్లేదు. ఆడపిల్లలకు డిగ్రీ దాకా, మగపిల్లలకు ఇంటర్ దాకా ఇంటి నుంచి చదువుకునే చోటుకి సెకండ్ క్లాస్ నెలవారీ సీజన్ టికెట్ రైల్వే ఉచితంగా ఇస్తుంది. కాలేజీ నుంచి సర్టిఫికెట్ తీసుకుని మీ ఊళ్లోని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ బుకింగ్‌లో అడగండి. ఇది చాలా ఏళ్లుగా ఉన్న సదుపాయం, కానీ చాలా ఇళ్లలో తెలియక డబ్బు కట్టేస్తున్నారు.

ఇక ఎవరు పెట్టుకుంటున్నారన్న ప్రశ్న, ఇది నాకు బాగా నచ్చింది. మీరు పాత రైలు టికెట్లు దాచి ఉంటే చూడండి, ప్రయాణానికి అయ్యే ఖర్చులో రైల్వేకి సగటున 57 శాతమే వస్తోందని వాటి మీద అచ్చు వేసేవారు. రైల్వే మంత్రి 2024 డిసెంబరులో పార్లమెంటులో చెప్పిన లెక్క ఇంకా తక్కువ, వంద రూపాయల ఖర్చుకి ప్రయాణికుడు కట్టేది 54. మిగతా 46 ఎక్కడిది? చాలావరకు గూడ్సు రైళ్లది. బొగ్గు, ఇనుప ఖనిజం, సిమెంటు మోసి వచ్చే ఆదాయంతో పాసింజర్ల నష్టాన్ని పూడుస్తారు.

మన వైపు వాళ్లకు ఇది కళ్ల ముందే కనిపిస్తుంది. విజయనగరం జిల్లా కొత్తవలస నుంచే కిరండూల్ లైను మొదలవుతుంది, బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖకు తేవడానికి 1960ల్లో వేసిన లైను అది. రాయపూర్ వైపు నుంచి వచ్చే గూడ్సులు విజయనగరం మీదుగా దిగుతాయి. ఆ గూడ్సుకి దారి ఇవ్వడానికి మన పాసింజర్‌ని ఏ అలమండలోనో కంటకాపల్లిలోనో ఆపి ఉంచితే మనకు ఒళ్లు మండుతుంది, మండాలి కూడా, ఎందుకంటే ఆలస్యమైతే జీతంలో కోత పడేది మనకే. కానీ మన టికెట్‌లో సగానికి దగ్గర కడుతున్నది కూడా ఆ గూడ్సే. అంటే ఆ సరుకుతో తయారైన ఇనుము, కరెంటు, సిమెంటు కొన్న ప్రతివాళ్లూ మీ సీజన్ టికెట్‌లో ఒక పైసా కట్టినట్టే. నేను దీన్ని తప్పనను. పనికి వెళ్లే మనిషిని తక్కువ ధరకు తీసుకెళ్లడం దేశానికి లాభమే.

తక్కువ ధర ఎప్పుడూ ఇలాగే ఉంటుందని మాత్రం అనుకోకండి. కోవిడ్ తర్వాత పాసింజర్లను స్పెషల్ అని పేరు మార్చి నడిపినప్పుడు కనీస చార్జీ 10 నుంచి 30 అయింది, మళ్లీ 10కి తెచ్చింది 2024 ఫిబ్రవరి చివర్లో. అన్నేళ్లు పొందూరు నుంచి చీపురుపల్లికి వెళ్లే కూలీ మూడు రెట్లు కట్టాడు, దాని మీద పెద్దగా గొడవ కూడా జరగలేదు. 2025 జూలైలో రైలు చార్జీలు పెంచినప్పుడు సీజన్ టికెట్ల జోలికి రాలేదు, అది మంచి పని.

మీకు పనికొచ్చే రెండు సంగతులు. మూడు నెలల పాసు తీస్తే నెల పాసుకి 2.7 రెట్లే అవుతుంది, ఉద్యోగం నిలకడగా ఉంటే అదే తీయండి, రైల్‌వన్ యాప్‌లో కూడా తీయొచ్చు. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే అదనపు చార్జీ కట్టిన పాసు ఉండాలి, రిజర్వేషన్ బోగీలో మామూలు పాసు చెల్లదు, దొరికితే టికెట్ ధర కాక కనీసం 250 జరిమానా. నెల పాసులో మిగిలింది ఒక్క పూటలో పోతుంది.

ప్రశ్న: మా తమ్ముడు పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. పర్మనెంటు వాళ్లకు కంపెనీ బస్సు ఉంది, కాంట్రాక్టు వాళ్లను ఎక్కనివ్వరు. రాత్రి షిఫ్టుకి ఆ టైములో బస్సులు ఉండవని అప్పు చేసి బండి కొన్నాడు. పోయిన నెల డ్యూటీకి వెళ్తుంటే హైవే మీద యాక్సిడెంట్ అయ్యి కాలు విరిగింది. గేటు బయట జరిగింది, మాకు సంబంధం లేదంటున్నాడు కాంట్రాక్టరు. జీతంలోంచి ఈఎస్‌ఐ కటింగ్ మాత్రం అవుతోంది. ఏం చేయాలి?
— రణస్థలం నుంచి ఒక అక్క

జవాబు: సంబంధం ఉందమ్మా, గట్టిగా ఉంది. ఇంటి నుంచి డ్యూటీకి వెళ్లేటప్పుడు గానీ, డ్యూటీ దిగి ఇంటికి వచ్చేటప్పుడు గానీ జరిగిన ప్రమాదాన్ని పనిలో జరిగినట్టే చూడాలని 2010లోనే ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల బీమా చట్టంలో చేర్చారు. టైమూ, దారీ, ఉద్యోగంతో ముడి పడి ఉండాలి, అంతే. షిఫ్టు టైముకి, ఫ్యాక్టరీ దారిలో జరిగింది కాబట్టి మీ తమ్ముడికి ఆ ముడి స్పష్టంగా ఉంది.

ఈఎస్‌ఐ కటింగ్ ఉంది అంటున్నారు, కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ప్రమాదం గురించి యాక్సిడెంట్ రిపోర్టు పంపడం యజమాని బాధ్యత. కాంట్రాక్టరు పంపనంటే ఫ్యాక్టరీ హెచ్‌ఆర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, కాంట్రాక్టరు చేయని పనికి అసలు యజమాని జవాబుదారీ. అప్పటికీ కదలకపోతే మీరే నేరుగా ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకి వెళ్లండి. వైద్యం ఈఎస్‌ఐ మీద జరగాలి, కాలు నయమై పనికి వెళ్లేదాకా సగటు రోజు వేతనంలో 90 శాతం రావాలి. ఇంతకాలం చందా కట్టి ఉండాలన్న షరతు ఉద్యోగ ప్రమాదాలకు వర్తించదు, చేరిన మొదటి రోజు అయినా సరే. అంగవైకల్యం మిగిలిపోతే మెడికల్ బోర్డు శాతం నిర్ణయిస్తుంది, దాన్ని బట్టి నెలనెలా డబ్బు వస్తుంది.

ఈఎస్‌ఐ లేనివాళ్ల సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే జీతం 21,000 దాటినవాళ్లు, చిన్న చోట్ల పనిచేసేవాళ్లు చాలామంది దాని బయట ఉన్నారు. వాళ్లకు 2025 నవంబరు దాకా ఉద్యోగుల నష్టపరిహార చట్టం ఉండేది, ఇప్పుడు దాని బదులు సామాజిక భద్రత కోడ్ ఉంది. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు 2003లో తెల్లవారుజాము డ్యూటీకి బండి మీద వెళ్తూ దారిలో ప్రమాదంలో చనిపోయాడు. దారిలో పోయాడు కాబట్టి పరిహారం రాదని కింద ఒక కోర్టు అంది. కాదు, పనికి వెళ్లే దారి కూడా ఇలాంటి సందర్భంలో పనిలో భాగమే అని సుప్రీంకోర్టు ఆ కుటుంబానికి పరిహారం ఇప్పించింది. ఇరవై ఏళ్లు దాటింది ఆ తీర్పు రావడానికి, అది బాధ కలిగించే విషయం. కానీ గేటు బయట మాకు సంబంధం లేదు అనే మాటకు ఇప్పుడు ఇది జవాబు.

దాచుకోవాల్సినవి: ఎఫ్‌ఐఆర్ కాపీ, ఆ రోజు షిఫ్టు రోస్టరు లేదా పనికి రమ్మన్న ఫోన్ మెసేజ్, ఈఎస్‌ఐ నంబరు, ఆసుపత్రి కాగితాలన్నీ. ఎఫ్‌ఐఆర్‌లో డ్యూటీకి వెళ్తుండగా అన్న మాట ఉండేలా చూసుకోండి, లేకపోతే స్టేట్‌మెంట్‌లో అయినా చెప్పండి.

ఇంకొకటి, బస్సులో ఖాళీ సీట్లు ఉండి కూడా కాంట్రాక్టు కుర్రాడిని ఎక్కనివ్వకపోవడం నాకు చాలా తప్పుగా కనిపిస్తోంది. జీతం తక్కువున్నవాడే సొంత పెట్రోలు పోసుకుని, అర్ధరాత్రి లారీల మధ్య హైవే మీద ప్రాణాలకు తెగించి రావాలా? చీకట్లో ఒకే గేటు లోపలికి వెళ్లే ఇద్దరిలో ఒకరికి బస్సు, ఒకరికి బండి అప్పు. అక్కడ కార్మిక సంఘాలు ఉంటే జీతం పెంపు కంటే ముందు ఈ సీటు అడగాలి.

ప్రశ్న: విజయనగరంలో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. బస్సు టికెట్లు దాచి ఇస్తే ఇన్‌కమ్ టాక్స్‌లో తగ్గుతుందని మా స్టాఫ్ రూములో ఒకరు అన్నారు. దాచమంటారా?

జవాబు: వద్దు మేస్టారూ. నెలకు 1,600 ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సుకి మినహాయింపు ఉండేది, 2018-19 నుంచి తీసేసి జీతగాళ్లందరికీ స్టాండర్డ్ డిడక్షన్‌లో (రసీదులు అడక్కుండా జీతంలోంచి తగ్గించే మొత్తంలో) కలిపేశారు. కొత్త పన్ను విధానంలో అది ఇప్పుడు 75,000, టికెట్ చూపించే పని లేదు. దివ్యాంగులైన ఉద్యోగులకు మాత్రం ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సు మీద మినహాయింపు ఇంకా ఉంది, మీ స్కూల్లో అలాంటివారు ఉంటే చెప్పండి. ఇంటి నుంచి పనిచోటుకి యజమాని నడిపే బస్సులో వెళ్తే దాని మీద కూడా పన్ను పడదు.

ప్రశ్న: మా అబ్బాయి పారిస్‌లో ఉద్యోగం. వాళ్ల మెట్రో పాసులో సగం కంపెనీ ఇస్తుందట. అది వాడి కంపెనీ మంచితనమా, లేక అక్కడ రూలా? మన దగ్గర ఎందుకు లేదు?
— టెక్కలి నుంచి ఒక తండ్రి

జవాబు: రూలేనండీ. ఫ్రాన్సులో ఉద్యోగి పనికి వాడే బస్సు, రైలు పాసులో సగం యజమాని ఇచ్చి తీరాలి. అది కాక 11 మంది, అంతకు పైబడి ఉద్యోగులున్న సంస్థలు జీతాల మొత్తం మీద రవాణా పన్ను కడతాయి, ఆ డబ్బు ఊరి బస్సులకు, మెట్రోలకు వెళ్తుంది. 1971లో పారిస్ ప్రాంతంలో మొదలైంది అది. ఆలోచన సూటిగా ఉంటుంది: బస్సు వల్ల ప్రయాణికుడికి ఎంత లాభమో, పొద్దున్నే టైముకి పనివాళ్లు వచ్చి నిలబడే యజమానికీ అంతే లాభం, కాబట్టి ఆయనా కట్టాలి.

జపాన్‌లో చట్టం బలవంతం చేయదు గానీ కంపెనీలు ప్రయాణ ఖర్చు ఇవ్వడం ఆనవాయితీ, బస్సు, రైలు ఖర్చుకి నెలకు లక్షన్నర యెన్‌ల దాకా పన్ను ఉండదు. నాకు అన్నిటికన్నా నచ్చింది బ్రెజిల్ పద్ధతి. అక్కడ 1985 నుంచి ఒక చట్టం ఉంది, పనికి వెళ్లొచ్చే ఖర్చులో ఉద్యోగి మూల జీతంలో 6 శాతం వరకే భరిస్తాడు, ఆపైన అయ్యేది యజమానిది. మన చీపురుపల్లి అమ్మాయికి వేసి చూడండి: 11,000లో 6 శాతం అంటే 660. ఆమెకు అవుతోంది 1,820. మిగతా 1,160 షాపు పెట్టుకోవాలి. ఆమెకు ఆపేసిన 1,200కి ఎంత దగ్గరగా ఉందో చూశారా! అంటే ఆ పాత అలవెన్సు దానధర్మం ఏమీ కాదు, సరైన లెక్కే.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ట్రాన్స్‌పోర్ట్ అలవెన్సు ఉంది. శ్రీకాకుళం లాంటి ఊళ్లో మధ్య స్థాయి ఉద్యోగికి నెలకు 1,800, దాని మీద డీఏ. ప్రైవేటులో మాత్రం అందరికీ ఇవ్వాలన్న చట్టం లేదు, ఇచ్చేవాళ్లు ఇస్తారు. అది మారాలని నేను కోరుకుంటాను. కార్మిక చట్టాలన్నీ కొత్తగా రాసినప్పుడు ఇలాంటి ఒక క్లాజు పెట్టి ఉంటే ఎంతో మేలు జరిగేది. ఇప్పటికైనా రాష్ట్రం కనీస వేతనాలు సవరించేటప్పుడు ప్రయాణ ఖర్చుని విడిగా చూపించి కలపొచ్చు, మన ఎమ్మెల్యేలను అడగాల్సిన ప్రశ్న ఇది.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. బొబ్బిలి నుంచి నెలకు నాలుగైదు సార్లు విజయనగరం ఆసుపత్రికి వెళ్లాలి. మా ఆవిడకు ఫ్రీ, నాకు టికెట్. రైల్లో ముసలివాళ్లకు తగ్గింపు మళ్లీ ఇస్తున్నారా?

జవాబు: రైల్లో లేదు మేస్టారూ, 2020 మార్చిలో ఆపారు, తిరిగి ఇవ్వలేదు. ఆర్టీసీలో ఉంది, 60 దాటినవారికి టికెట్‌లో 25 శాతం. వయసు తెలిసేలా ఆధార్ కార్డు చూపించి, టికెట్ కొట్టకముందే సీనియర్ సిటిజన్ అని కండక్టరుకి చెప్పండి, కొట్టేశాక మార్చడం వాళ్లకు కష్టం. మీ ఆవిడ తోడుగా వస్తుంటే ఆవిడను కూడా ఆధార్ దగ్గర పెట్టుకోమనండి, జీరో టికెట్‌కి అలాంటి గుర్తింపు కార్డు కావాలి. నాన్‌స్టాప్, సూపర్ లగ్జరీ బస్సులు ఎక్కితే ఆవిడకీ టికెట్ పడుతుంది, పల్లెవెలుగో ఎక్స్‌ప్రెస్సో చూసి ఎక్కండి.